నాన్న పెట్టె మీద రాసిన ఊరు

సెప్టెంబర్ 4, రాత్రి

గుంటూరులో కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు కూలీ అడిగాడు, "ఇంత బరువు పెట్టె ఏందమ్మా, ఈ రోజుల్లో ఎవరు తెస్తున్నారు ఇట్లాంటివి?" అని. అమ్మ జవాబు చెప్పలేదు. ఆ ట్రంకు పెట్టె నాన్నది. అందులో మా బట్టలు నాలుగు జతలు, ఒక కొత్త చీర, మిగతాదంతా కాగితాలే. వేరే సంచిలో సర్దుకుందామని రెండు రోజులు పోరాను. "విడదీస్తే ఏదో ఒకటి మర్చిపోతాం. అది ఎట్లా ఉందో అట్లాగే రానీ" అంది అమ్మ.

బండి ఫిరంగిపురం దాటుతుంటే అమ్మ కిటికీ వైపు తిరిగి సిలువ గుర్తు వేసుకుంది. మా ఊరు ఆ పక్కనే. బాలయేసు గుడి, కొండ మీద కార్మెల్ మాత, అన్నీ చీకట్లో కలిసిపోయి ఉన్నాయి. నాన్న మార్చి నుంచి మా ఊరి సమాధుల తోటలో ఉన్నాడు. 74 ఏళ్లు. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల కాలంలో, ఒక శుక్రవారం తెల్లవారుజామున పోయాడు.

1968లో ఇదే దారిలో నాన్న బెంగుళూరు వెళ్లాడు, సైన్యంలోని ఇంజనీర్ల పట్టాళం మద్రాస్ సాపర్లలో చేరడానికి. అప్పటికి పందొమ్మిదేళ్లు. ఈ లైను అప్పుడు మీటర్ గేజ్, గుంతకల్లులో బండి మారాడట. 28 ఏళ్లు సర్వీసు చేసి 1996లో సుబేదారుగా రిటైరయ్యాడు. ఇప్పుడు మేము వెళ్తున్నది అమ్మ ఫ్యామిలీ పెన్షన్ పని మీద. నాన్న సర్వీసు రికార్డులో అమ్మ జ్ఞానస్నానపు పేరు ఉంది. ఆధార్‌లో, బ్యాంకులో ఇంట్లో పిలిచే పేరు ఉంది. రెండు పేర్లూ ఒకే మనిషివని కాగితం మీద తేలాలి. పోస్టులో కూడా పంపొచ్చన్నారు. కానీ అమ్మే వెళ్దామంది.

ఎనిమిది గంటలకు బెర్తు మీదే జపమాల మొదలుపెట్టాం. ఆ వేళ నాన్న పెట్టిన ఏర్పాటు. తను జమ్మూలో ఉన్నా అస్సాంలో ఉన్నా డ్యూటీ లేకపోతే ఎనిమిదికి జపమాల తీసేవాడు, మేము ఇక్కడ తీసేవాళ్లం. సెలవు అయిపోయి బయల్దేరే ప్రతిసారీ గుమ్మంలో నిలబడి "ఎనిమిదికి కలుద్దాం" అని వెళ్లేవాడు. చిన్నప్పుడు నాకది మామూలు మాట. ఎనిమిది గంటల వేళ అంటేనే నాన్న అనుకునేదాన్ని.

సెప్టెంబర్ 5

పొద్దున్నే బెంగుళూరు యశ్వంతపూర్‌లో దిగాం. బాబాయి ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు. సొంత బాబాయి కాదు. మదనపల్లె దగ్గర ఊరు ఆయనది. 1984లో ఇక్కడ రిక్రూటుగా చేరినప్పుడు నాన్న ఆయనకు ఇన్‌స్ట్రక్టర్. పట్టాళంలో నేర్పేవాళ్లను ఉస్తాద్ అంటారు. ఆయన సుబేదారయ్యాక కూడా, రిటైరయి లింగరాజపురంలో ఇల్లు కట్టుకున్నాక కూడా నాన్నను ఉస్తాద్ అనే పిలిచాడు. "బాగుండారా వదినమ్మా" అని వంగి అమ్మ కాళ్లకు దణ్ణం పెట్టబోతుంటే, పెట్టె కనపడింది. దణ్ణం సగంలో ఆపి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఆ పెట్టె గురించి చెప్పాలి. నల్ల రంగు ఇనప ట్రంకు. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, కింద "ఎం.ఇ.జి. సెంటర్, బెంగుళూరు-42". ఎం.ఇ.జి. అంటే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, సాపర్ల పట్టాళమే. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా నాన్న పాత ర్యాంకు మీద నల్ల రంగు కొట్టి కొత్తది రాసేవాడు. సాపర్, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్. నాయబ్ సుబేదారై జె.సి.ఓ. (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) అయినప్పుడు నంబరు కూడా మారింది. ఆ ఒక్క చోట రంగు మందంగా, వేలితో తడిమితే గట్టులాగా తగులుతుంది. ఒక మూల పెచ్చు ఊడి కింద "నాయక్" లోని మొదటి ఇంగ్లిషు అక్షరం బయటపడింది. ఊరు పేరును మాత్రం నాన్న ఒక్కసారీ చెరపలేదు. ఎన్ని రెజిమెంట్లు తిరిగినా సాపర్‌కు ఇల్లు ఈ సెంటరే కదా.

"ఈ అచ్చరాలు ఉస్తాద్‌వే. స్కేలు పెట్టి గీసుకుంటాడు ముందు" అన్నాడు బాబాయి, ఆ గట్టు మీద వేలు పెట్టి.

మధ్యాహ్నం పిన్ని రాగిసంకటి, పుంటికూర పప్పు పెట్టింది. తిన్నాక మాటల్లో నేను నాన్న గునపం సంగతి చెప్పాను. పెరట్లో ఏ మొక్క నాటాలన్నా ముందు గునపాన్ని ఏటవాలుగా పట్టుకుని, మట్టిలోకి మెల్లగా గుచ్చి, చుట్టూ తడిమి చూశాకే తవ్వేవాడు. ఎందుకని అడిగితే "వానపాములుంటాయమ్మా, దెబ్బ తగులుద్ది" అనేవాడు. మేం నమ్మాం. నేను ఇప్పటికీ అట్లాగే గుచ్చుతాను.

బాబాయి లేచి వంటింట్లోంచి అట్లకాడ తెచ్చాడు. నేల మీద బోర్లా పడుకున్నాడు, అరవైకి దగ్గరపడిన మనిషి. అట్లకాడను ఏటవాలుగా పట్టుకుని చాప అంచు కిందికి మెల్లగా తోశాడు. "మందుపాతర మీద బరువు పడితే పేలుతుంది. నిలువుగా గుచ్చినామంటే నేరుగా దాని నెత్తిమీదే పడతాది. అందుకని వాలుగా పోవాల. పక్కన తగలాల. తగిలిందా, ఆగాల. ఉస్తాద్ మాకు నేర్పింది ఇదే."

1971 డిసెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర మన ట్యాంకులు దాటడానికి మందుపాతరల్లో దారి తీసింది 9 ఇంజనీర్ రెజిమెంట్. మద్రాస్ సాపర్ల రెజిమెంట్ అది. నాన్న అందులో సాపర్, 22 ఏళ్లు. ఆ పనిలోనే ప్రాణం పోగొట్టుకున్న మేజర్ విజయ్ రతన్ చౌధరికి మహావీర చక్ర ఇచ్చారు. ఇంట్లో నాన్న యుద్ధం మాట ఎత్తేవాడే కాదు. ఏటా నవంబర్ 2న సమాధుల పండుగకు మాత్రం తాతయ్యకు, నాయనమ్మకు వెలిగించాక ఇంకొక కొవ్వొత్తి మిగుల్చుకుని, తోట మధ్యలో పెద్ద సిలువ మొదట్లో పెట్టేవాడు. "ఎవరికి నాన్నా?" అంటే "చౌధరీ సాబ్‌కి" అనేవాడు. ఆ సాబ్ ఎవరో మేం అడగలేదు. అడగాల్సింది.

అమ్మ ఈ మాటలన్నీ గోడకానుకుని వింది. "వానపాములని నాకూ అదే చెప్పాడు" అంది చివరికి.

సాయంత్రం హలసూరు చెరువు దాకా నడిచొచ్చాం. ఒక పక్కంతా మిలిటరీ స్థలమే, గోడ అవతల చెట్లు. గట్టు మీద పల్లీలు కొనుక్కుని ఎనిమిది లోపల ఇంటికి వచ్చేశాం.

సెప్టెంబర్ 6

రికార్డ్స్ ఆఫీసు పని. గేటు దగ్గర ఫోన్లు ఇచ్చేసి, పాస్ రాయించుకుని లోపలికి వెళ్లాం. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఒక్క కాగితం తక్కువైనా మళ్లీ ఊరికి వెళ్లి రావాలి. అమ్మ మాత్రం దారి తెలిసిన మనిషిలా నడుస్తోంది. 1984 నుంచి 86 దాకా మేం ఇక్కడ క్వార్టర్స్‌లో ఉన్నాం. మొత్తం సర్వీసులో నాన్న మాతో కలిసి ఒకే కప్పు కింద వరసగా ఉన్నది ఆ రెండేళ్లే. అప్పుడు నాకు ఏడేళ్లు. గుర్తున్నవి తక్కువ. తెల్లారకముందే వినపడే బిగిలు, ఇస్త్రీ పెట్టె వాసన, నాన్న బూట్లకు పాలిష్ పెడుతూ చిన్నగా పాడుకునే మరియమాత పాట.

కూర్చునే చోట మాలాగే వచ్చిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ధర్మపురి నుంచి ఒకామె, పాలక్కాడు నుంచి ఒకామె, మన విజయనగరం నుంచి అత్తాకోడళ్లు. అందరి ఒళ్లోనూ ఒకేరకం ప్లాస్టిక్ ఫైలు. ధర్మపురి ఆమె తమిళంలో ఏదో అడిగితే అమ్మ తమిళంలోనే జవాబు చెప్పింది. ముప్పై ఏడేళ్ల తర్వాత అమ్మ నోట తమిళం విన్నాను. ఇద్దరూ భర్తల రెజిమెంట్ నంబర్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత చేతులు పట్టుకుని ఊరికే కూర్చున్నారు.

ఈ పట్టాళం మొదలైంది 1780లో, మద్రాసులో రెండు కంపెనీల పయొనీర్లతో. తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, అందరూ ఇక్కడ "తంబి"లే. 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని మిన్యానో దగ్గర తోటివాళ్లను కాపాడడానికి మందుపాతర మీద తానే పడి చనిపోయిన సుబేదార్ సుబ్రమణియన్ వీళ్లవాడే. బ్రిటిష్ వాళ్ల సాహస పతకం జార్జ్ క్రాస్ అందుకున్న మొదటి భారతీయుడు. ఆయన కథ నాన్న మాకు చెప్పేవాడు, తన కథ ఎప్పుడూ చెప్పకపోయినా. "స్నేహితుల కొరకు ప్రాణం పెట్టడం" అనే సువార్త పఠనం గుడిలో వచ్చిన ఆదివారం, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పేవాడు.

మా నంబరు పిలిచారు. లోపల కూర్చున్నది కుర్రవాడు, హవల్దార్, మనవాడే. కాగితాలు ఒక్కొక్కటే తీసి చూశాడు. పి.పి.ఓ. (పెన్షన్ మంజూరు పత్రం), మరణ ధృవీకరణ పత్రం, అఫిడవిట్, ఆధార్. మా విచారణ గురువులు, అంటే మా గుడి ఫాదర్, రిజిస్టరు చూసి రాసిచ్చిన పెళ్లి సర్టిఫికెట్ దగ్గర ఆగాడు. అందులో అమ్మ రెండు పేర్లూ ఉన్నాయి. ముందు జ్ఞానస్నానపు పేరు, పక్కన "అను" అని పెట్టి ఇంటి పిలుపు.

"ఇదెప్పుడు రాయించారమ్మా?"

"పెళ్లినాడే. ఆయనే ఫాదర్ని అడిగి రాయించాడు. రేపు నాకేమన్నా అయితే ఇబ్బంది పడతావని."

వాళ్ల పెళ్లి 1975లో. అప్పటికి ఆయనకు 26. ఆధార్ లేదు, కంప్యూటర్ లేదు. ఆ కుర్రవాడు తలెత్తి అమ్మ వైపు చూసి, మళ్లీ దించుకుని, రసీదు రాశాడు. పని అయిపోవడానికి కొన్ని వారాలు పడుతుంది, స్పర్శ్ అనే పెన్షన్ వెబ్‌సైట్‌లో కనపడుతుంది, మళ్లీ రానక్కర్లేదు అన్నాడు. అమ్మ రసీదు మడిచి, పెట్టెలో కాదు, జాకెట్లో పెట్టుకుంది.

సెప్టెంబర్ 7

గురువారం. వివేక్‌నగర్ బాలయేసు గుడికి వెళ్లాం. గురువారాలు అక్కడ జనం ఎక్కువ. గులాబీ దండలు, కొవ్వొత్తులు, బయట రోడ్డు నిండా ఆటోలు. ఫిరంగిపురం మనిషికి బాలయేసు ఎక్కడున్నా సొంతమే. సెంటర్లో ఉన్న రెండేళ్లూ నాన్న వీలైనప్పుడల్లా సైకిల్ మీద ఇక్కడికి వచ్చేవాడని అమ్మ చెప్పింది. పూజ విని, కొవ్వొత్తి వెలిగించి వచ్చేశాం. దారిలో బ్రిగేడ్ రోడ్డు మూల మీద మద్రాస్ పయొనీర్ల స్మారకం రాతి స్తంభాన్ని ఆటోలోంచే చూశాం. సిగ్నల్ పడినంతసేపు.

ఆ రాత్రి జపమాల అయ్యాక బాబాయి బీరువాలోంచి ఒక కట్ట తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. నీలం ఇన్‌లాండ్ ఉత్తరాలు. ఆయన వాళ్లమ్మకు రాసినవి. ఆమె పోయాక ఊరి ఇంట్లో దొరికాయట. పైనున్న దాన్ని నేను విప్పాను. 1984 నవంబర్. తేదీ పైన, కాగితం నడిమధ్యన, చిన్న సిలువ గుర్తు. కింద గుండ్రటి అక్షరాలు, "క" తలకట్టు కొంచెం పొడుగ్గా. నాన్న చేతిరాత!

నాకు మాట రాలేదు. బాబాయే చెప్పాడు. "నాకు అప్పట్లో రాసేది సరిగ్గా వచ్చేది కాదు. ఆదివారం పొద్దున ఉస్తాద్ బ్యారక్‌కు వచ్చి, ఇంటికి ఉత్తరం రాయని వాళ్లెవరని అడిగేవాడు. రాని వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, మేం చెప్తా ఉంటే రాసేవాడు. నలుగురం ఐదుగురం ఉండేవాళ్లం. అది అయినాక గుడికి పోయేవాడు."

నాన్న మాకు రాసే ఉత్తరాలన్నిటి మీదా ఆ సిలువ గుర్తు ఉండేది. దాని కింద "యేసు మరియ జోజప్ప" అని ఉండేది. బాబాయి వాళ్లకు రాసేటప్పుడు ఆ మాటలు రాయలేదు. గుర్తు మాత్రం అలవాటు కొద్దీ పెట్టేసి ఉంటాడు.

"మా అమ్మ చదువుకోలేదు. పోస్టుమ్యాను చదివి వినిపించేవాడు. ఇదేంది నాయనా పైన అని అడిగితే, 'మీవాడు క్షేమం అని గుర్తు' అన్నాడంట. ఆయనకేం తెలుసో ఏమో. తర్వాత నేను రాయడం నేర్చుకున్నాక, గుర్తు లేకుండా ఒక ఉత్తరం పోయింది. మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదంట, బిడ్డకు ఏమైందో అని. అప్పట్నించి నేనూ పెట్టినాను. సియాచిన్ కింద బేస్ క్యాంపు నుంచి రాసినా పెట్టినాను. ఆమె పోయేదాకా."

కట్టలో కిందివన్నీ చూపించాడు. సగం నుంచి అక్షరాలు మారాయి, గజిబిజిగా, కొక్కిరిబిక్కిరిగా. పైన గుర్తు మాత్రం మారలేదు. ఎదురుగా గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, దానికి పిన్ని పొద్దున పెట్టిన చామంతులు.

ఆ ఏళ్లలో నాన్న ఆదివారాలు గుడికి ఆలస్యంగా వచ్చేవాడు. పూజ మొదలయ్యాక వెనక తలుపు దగ్గర నిలబడేవాడు. అమ్మకు అది నచ్చేది కాదు, ఇంటికొచ్చాక గొణిగేది. ఇప్పుడు ఆ మొదటి ఉత్తరాన్ని తీసుకుని చాలాసేపు చదివింది. మదనపల్లెలో ఎవరి ఆవు ఈనిందో, ఎవరి బాకీ ఎంత తీర్చాలో రాసి ఉన్న ఉత్తరం అది. ఒక్కో పదం మీద వేలు పెట్టి చదివింది.

సెప్టెంబర్ 8

మరియమాత పుట్టిన రోజు. శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికా పండుగ. ఆగస్టు 29న జెండా ఎత్తిన దగ్గర్నుంచి తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు, ఇవాళ తేరు. ఈ చోటు పాత పేరు బిళి అక్కి పళ్లి, తెల్ల బియ్యం ఊరు అంటారు. ఇంగ్లిషువాళ్ల నోట అది బ్లాక్‌పల్లి అయిందట. ఇప్పుడున్న గుడి 1882 నాటిది. లోపల ఆరోగ్యమాతకు చీర కట్టి ఉంటుంది. బెంగుళూరులో ఏ మతం వాళ్లనడిగినా ఈ తల్లి తెలుసు. కాషాయం కట్టుకుని మొక్కు తీర్చుకునే వాళ్లతో రోడ్లు నిండిపోయాయి. బురఖా వేసుకున్న ఆడవాళ్లు కూడా కొవ్వొత్తులు పట్టుకుని వరసలో ఉన్నారు.

పెట్టెలోని కొత్త చీర ఇందుకే. మంగళగిరి నేత, నీలం, సన్న జరీ అంచు. 1971 డిసెంబర్ 17న కాల్పులు ఆగాయి. ఆ రాత్రి నాన్న మొక్కుకున్నాడట, బెంగుళూరు వెళ్లగానే మాతకు చీర పెడతానని. 72లో పెట్టాడు. ఆ తర్వాత ఈ ఊరు వచ్చిన ప్రతిసారీ పెట్టాడు. ఈసారిది నాన్న ఖాతాలో పడిన చివరి పెన్షన్‌తో అమ్మ కొన్నది. చీరలు తీసుకునే చోట ఇచ్చేటప్పుడు అమ్మ దాన్ని ఒకసారి చెంపకు ఆనించుకుంది. అంతే.

తేరు కదిలేవేళకు జనం ఒక్క ఊపున తోసుకొచ్చారు. చూసుకునేసరికి అమ్మ పక్కన లేదు. ఫోను మోగుతోంది, ఆ చప్పుడులో ఆమెకు వినపడదు. నాకు కాళ్లు వణికాయి. 72 ఏళ్ల మనిషి, బీపీ మాత్ర నా సంచిలో ఉంది.

1985లో ఇదే పండుగలో నేను తప్పిపోయాను. కాషాయం గౌను, చేతిలో బుడగ. ఏడుపొచ్చింది గానీ కదల్లేదు. ఇంటి దగ్గర బయల్దేరేముందే నాన్న మోకాళ్ల మీద కూర్చుని చెప్పాడు. "తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దు. ఉన్నచోటే నిలబడు. ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు. నేనే వస్తా." పూలకొట్టు పక్కన నిలబడ్డాను. నాన్న తెల్ల చొక్కాలో, తోసుకోకుండా, ఒక వరస తర్వాత ఒక వరస చూసుకుంటూ వచ్చాడు. ఎత్తుకుని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. తేరు మొత్తం అక్కడ్నుంచే చూశాను. ఆయన జుట్టు పట్టుకుంటే కొబ్బరినూనె అంటిన చేతులు.

ఆ మాట గుర్తొచ్చి వెతకడం మానేశాను. అమ్మ కూడా ఆ మాట విన్నదే. చివరిసారి చేయి పట్టుకున్నది ఎక్కడా అని ఆలోచించి, జనానికి ఎదురు నడిచి, కొవ్వొత్తుల కొట్టు దగ్గరికి వెళ్లాను. అమ్మ అక్కడే ఉంది. కొట్టు గుంజను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో జపమాల తిప్పుతూ.

"కదల్లేదు" అంది.

మాత్ర వేసి నీళ్లు తాగించాను. మాత తేరు దీపాలతో మా ముందు నుంచే వెళ్లింది. అమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు నేను. బాబాయి, పిన్ని అప్పటికి మమ్మల్ని వెతుక్కుంటూ రెండు చుట్లు తిరిగారట. "ఉస్తాద్ ఉంటే మాకు పనిష్‌మెంట్ పడేది" అన్నాడు బాబాయి రొప్పుతూ, కళ్లు తుడుచుకుంటూ.

సెప్టెంబర్ 9

మధ్యాహ్నం బండి. పిన్ని పులిహోర కట్టిచ్చింది. బాబాయి ఆ మొదటి ఉత్తరాన్ని అమ్మకు ఇవ్వబోయాడు. అమ్మ తీసుకోలేదు. "అది మీ అమ్మగారిది అన్నయ్యా, మీ ఇంట్లోనే ఉండాలి" అంది. పెట్టె ఆయనే మోసుకొచ్చి బెర్తు కిందికి తోశాడు. ప్లాట్‌ఫాం మీద నిలబడి, బండి కదిలినప్పుడు అటెన్షన్‌లోకి వచ్చి సెల్యూట్ చేశాడు. అమ్మ చేతులు జోడించింది.

ధర్మవరం దాటాక ఎనిమిదయింది. మార్చి నుంచి ముందు సగం అమ్మ చెప్తోంది, రెండో సగం నేను. అంతకుముందు ముందు సగం నాన్నది. "దేవవరప్రసాదం చేత నిండిన మరియమ్మా" అని అమ్మ మొదలుపెట్టింది. పక్క బెర్తులో పాటలు వింటున్న కుర్రాడు అడక్కుండానే ఫోను తగ్గించాడు. ఐదు పదులూ అయ్యాక అమ్మ జాకెట్లోంచి రసీదు తీసి, విప్పి చూసి, మళ్లీ అట్లాగే మడిచి పెట్టుకుంది.

దీపం ఆర్పబోతుంటే అంది, "రేపు ఊరికి పోగానే పోస్టాఫీసుకెళ్లి ఇన్‌లాండ్ కవర్లు దొరికితే తీసుకురా. క్షేమంగా చేరామని బాబాయికి రాయాలి."

"ఫోన్ చేస్తే సరిపోద్దిగా అమ్మా?"

"ఫోన్ కూడా చెయ్యి. ఉత్తరం నేను రాస్తా. పైన గుర్తు పెట్టి."